ఎనిమిదో పాలు

"నాలుగో పాలు పెద్దదా, ఎనిమిదో పాలు పెద్దదా?"

"ఎనిమిదో పాలే" అంది పోలేరమ్మ.

చెయ్యి చాపమన్నాను. చాపింది. ఈతబరికెతో రెండు దెబ్బలు కొట్టాను. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. మూడోది కూడా ఉంటుందేమోనని అలాగే ఉంచింది. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఏడ్చే పిల్లను కొట్టినవాడు కాసేపటికి చల్లబడతాడు. ఏడవని పిల్ల అరచెయ్యి ఎదురుగా ఉంటే, తప్పు చేసి నిలబడింది తనేనేమో అనిపిస్తుంది.

"కూర్చో, చేపబుర్రా" అన్నాను.

తక్కిన ఆరుగురూ కిసుక్కున నవ్వారు. దెబ్బలకు నవ్వారో, నా మాటకు నవ్వారో, ఆమె జవాబుకు నవ్వారో నాకు తేలలేదు. ఆ ఏడుగురే మూడో తరగతి. ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ ఒకే తాటాకు కొట్టంలో, ఒకే ఉపాధ్యాయుడి కింద. ఆ ఉపాధ్యాయుణ్ణి నేను. పేరు కృపాదానం, పెరిగింది నెల్లూరులో. సముద్రానికీ పులికాట్ సరస్సుకూ నడుమ ఇసుక దిబ్బ మీద ఉన్న ఆ కుప్పానికి నేను వచ్చి రెండేళ్ళయింది. జాలరుల పల్లెను అక్కడ కుప్పం అంటారు. నేను చెబుతున్నది 1961 ఫిబ్రవరి సంగతి.

వచ్చే గురువారం ఇన్‌స్పెక్టరు సంజీవరావు గారు తనిఖీకి వస్తున్నారు. క్రితం ఏడు ఆయన పుస్తకంలో రాసిపోయిన వాక్యం నాకు కంఠతా వచ్చు: "మూడవ తరగతి భిన్నములలో శూన్యము. ఉపాధ్యాయుడు శ్రద్ధ వహింపవలెను." ఈసారి కూడా అలాంటి వాక్యమే పడితే నాయుడుపేటకు నా బదిలీ కాగితం కదలదు. పడకపోతే జూన్‌లో అక్కడుంటాను.

నాయుడుపేటలో గది కూడా చూసుకున్నాను. బియ్యం మిల్లు వెనక. ఒకటే తలుపు, ఒకటే కిటికీ, తలుపుకు లోపలినుంచి ఇనుప గడియ. మూడు వైపులా మిల్లు గోడలే. ఇక్కడ నా గుడిసెకు గోడలంటే తాటాకు దడులు. నేను అన్నం ముందు కూర్చుంటే పిలకాయలు దడి సందుల్లోంచి చూసి "అయ్యోరు తింటా ఉండాడు మే" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. ఆ మాట వినబడగానే పళ్ళెం మీదికి వంగి కూర్చునేవాణ్ణి. వాళ్ళు నా ముద్ద అడగలేదు, చూశారంతే. కాని ఎవరైనా చూస్తుంటే నా పళ్ళెంలోది తరిగిపోతున్నట్టు నాకు చిన్నప్పటినుంచీ ఒక భ్రమ. ఆ ఇనుప గడియను తలుచుకుని నిద్రపోయిన రోజులున్నాయి.

పాఠం చెప్పడంలో నేను బద్ధకించలేదు. ట్రైనింగులో మాకు పావలా, దానిలో సగమైన బేడ బిళ్ళలు పక్కపక్కన పెట్టి భిన్నాలు చెప్పమన్నారు. నయా పైసలు వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. కాగితం మడిచి చూపాను. ఒక తాటాకును నాలుగు ముక్కలుగా, మరొక తాటాకును ఎనిమిది ముక్కలుగా కోసి చూపాను. ఆకులు ఎదురుగా ఉన్నంతసేపూ తలలు ఊపేవాళ్ళు. చివరికి, పిల్లవాడికి తెలిసిన మాటతో మొదలుపెట్టమని ట్రైనింగులో చెప్పింది గుర్తొచ్చింది. వాచకంలో 'నాలుగవ వంతు' అని ఉంది. వీళ్ళు వంతును పాలు అంటారు, పట్టిన చేపలను పాళ్ళు వేసుకుంటారు అని విని ఉన్నాను. నల్లబల్ల మీద 'వంతు' చెరిపి 'పాలు' అని రాశాను. రాసిన రోజు నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఆ రోజునుంచే ఏడుగురూ ఎనిమిదో పాలు పెద్దదనడం మొదలుపెట్టారు.

ఇద్దరో ముగ్గురో పొరబడితే పాఠం అందలేదనుకుంటాం. ఏడుగురూ ఒకే తప్పు, క్షణం ఆలోచించకుండా చెబితే అది కూడబలుక్కున్న కట్టు అనుకున్నాను. అయ్యోరికి బదిలీ కావాలని కుప్పమంతటికీ తెలుసు. దాన్ని చెడగొట్టడానికే పిల్లలకు ఎవరో నేర్పుతున్నారనుకున్నాను. నన్ను ఇక్కడే ఉంచుకోవాలని వాళ్ళకు మాత్రం ఎందుకుంటుంది? ఆ ప్రశ్న నాకు రాలేదు. పగకు కారణాలు వెతకడంలో నాకున్న చురుకు మరే పనిలోనూ లేదు.

ఆ ఏడుగురిలోనూ పోలేరమ్మ వేరు. మిగతావాళ్ళు 'ఎనిమిది' అని నవ్వుతూ అనేవాళ్ళు. ఆమె ఆ మాటను నా మొహాన కొట్టినట్టు అనేది. అందుకే రోజూ ఆమెనే లేపేవాణ్ణి.

మర్నాడు పొద్దున వాళ్ళమ్మ పేరమ్మ వచ్చింది. ఖాళీ గంప చంకలో పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అయ్యోరా, బయటికి రా."

"పాఠం చెబుతున్నాను."

"ఆ పాటం సంగతే మాట్లాడాల. నా బిడ్డ చేతులు సూసినావా? గంప ఎత్తలేక పోతా ఉండాది."

"తప్పు చెబితే కొట్టక ముద్దు పెట్టుకుంటారా?"

"ఏం తప్పు సెప్పింది?"

"నాలుగో పాలు కంటే ఎనిమిదో పాలు పెద్దదంది."

పేరమ్మ కాసేపు నా మొహంలోకి చూసింది. నేను నవ్వుతున్నానేమోనని వెతికినట్టుంది. నవ్వు కనబడలేదు. అయినా ఉందనే అనుకుంది.

"నీకెవురు సెప్పినారు మా ఇంటి సంగతి? ఆ కుప్పం పెద్ద కామాక్షయ్య ఎక్కించినాడా? నాలుగో పాలు తినేవోళ్ళమని దినామూ నా బిడ్డను అందరి ముందరా నిలబెట్టి అడగతా ఉండావే, నువ్వేం తింటా ఉండావు అయ్యోరా? తలుపేసుకోని తింటావంట గదా. మాకు తెల్దనుకున్నావా?"

పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె అన్నదాంట్లో నాకు వినబడింది ఆఖరి మాట ఒక్కటే.

"మీ పాళ్ళతో నాకేం పని? ఇది లెక్కల పాఠం. వెళ్ళు. ముందు గుమ్మం వదిలి వెళ్ళు."

"పోతాలే. నీ గుమ్మంలో కాపరం చేస్తానా? గురువారం మీ పెద్దయ్యోరు వస్తాడంట గదా. ఆయన ముందరే సెప్తాది నా బిడ్డ."

అది బెదిరింపు. అప్పుడు నాకు అర్థమయింది అంతే.

ఆ సాయంత్రం నుంచి నాకు నీళ్ళు రాలేదు; పేరమ్మ మాట ఆడవాళ్ళందరికీ చేరినట్టుంది. ముసలమ్మ అనే ఆమె రోజూ నాకు రెండు బిందెల మంచినీళ్ళు తెచ్చి పోసేది. "ముసలమ్మవ్వకు నడుం నొప్పంట" అని ఒక పిల్లవాడు వచ్చి చెబుతూనే నవ్వి పారిపోయాడు. బిందె పట్టుకుని నేనే చెలమకు వెళ్ళాను. ఇసుకలో తవ్విన ఆ గుంట చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్ళు గోలగోలగా మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఒక్కసారిగా నోళ్ళు మూశారు. చెలమలో నీళ్ళు ఊరడానికి టైము పడుతుంది. ముంత ముంచి, ఊరేదాకా ఆగి, మళ్ళీ ముంచి, బిందె నింపేదాకా ఆ పన్నెండు మందిలో ఒక్కరూ మాట్లాడలేదు. ముసలమ్మ కూడా అక్కడే ఉంది. ఆమె నడుం బాగానే వంగుతోంది.

ఇక్కడ నా బోర్డింగు సంగతి చెప్పాలి. చెప్పకపోతే నేను ఉత్త దుర్మార్గుడిలా కనబడతాను. చెబితే ఇంకొంచెం దుర్మార్గుడిలా కనబడవచ్చు.

తొమ్మిదో ఏట నన్ను నెల్లూరులో మిషను బోర్డింగులో వేశారు. రాత్రి భోజనంలో ఒక్కొక్క బల్లకు ఒక సంకటి ముద్ద వచ్చేది. బల్లకు ఎందరుంటే అన్ని ముక్కలు. పెద్దవాడు తడి దారంతో కోసేవాడు. మా బల్లకు ఏడుగురం. దారం ఎక్కడ దిగుతుందో చూడటానికి ఏడుగురమూ మోచేతుల మీద లేచేవాళ్ళం. ఒక జూన్‌లో ఎనిమిదోవాడు వచ్చాడు. పేరు సమాధానం. మనుబోలు నుంచి వచ్చాడు. బక్కగా ఉండేవాడు, అందరినీ చూసి నవ్వేవాడు. వాడు బల్ల దగ్గర కూర్చున్న మొదటి రాత్రి దారం ఒక వేలు వెడల్పు ఇవతలికి జరిగింది. ఆ వేలు వెడల్పు నాకు ఇప్పటికీ కొలిచి చూపగలిగినంత గుర్తు.

నెలన్నరకు వాడికి జ్వరం వచ్చింది. జబ్బు పిల్లలను ఉంచే సిక్కు రూములో పడుకోబెట్టారు. మా బల్లకు మళ్ళీ ఏడు ముక్కలు. రాత్రి ప్రార్థనలో అందరమూ సమాధానం కోసం ప్రార్థించాలి. నేనూ ప్రార్థించాను. జ్వరం తగ్గించవద్దని కాదు, అంత బాహాటంగా కాదు. ప్రభువా, వాడికి విశ్రాంతి దయచెయ్యి, తొందరపడి లేవనీయకు, అని. పదకొండో రోజు వాళ్ళ నాన్న వచ్చి వాణ్ణి భుజాన వేసుకుని ఊరికి తీసుకుపోయాడు. తర్వాత వాడు బతికాడో లేదో నేను ఎవరినీ అడగలేదు. అడగనందువల్ల వాడు నాకు ఇంకా ఎనిమిదోవాడే.

హారం పెరిగే కొద్దీ భాగం తగ్గుతుందని నాకు ఏ పంతులూ నేర్పలేదు. అది తెలియని పిల్లలు భూమి మీద ఉంటారంటే నేను నమ్మలేకపోయాను. అబద్ధం ఆడుతున్నారు, లేదా కడుపు నిండినవాళ్ళు. రెండిటికీ దెబ్బ తగినదే.

ఆదివారం పొద్దున కామాక్షయ్య కోసం సముద్రం ఒడ్డుకు వెళ్ళాను. కుప్పానికి అతనే పెద్ద. నీళ్ళ సంగతి తేల్చుకోవాలి, గురువారం పిల్లలందరినీ బడికి పంపమని చెప్పాలి. రెండేళ్ళలో నేను ఆ వేళప్పుడు ఒడ్డుకు వెళ్ళడం అదే మొదలు.

పెద్ద వల లాగుతున్నారు. రెండు తాళ్ళు ఒడ్డుమీద దూరదూరంగా, ఒక్కొక్క తాడుకు పది పన్నెండు మంది, ఆడా మగా. అంతా ఒక్క అరుపుతో వెనక్కి వాలుతున్నారు, ఒక్క అరుపుతో నిటారుగా లేస్తున్నారు. నేను చూస్తుండగానే ఇళ్ళవైపు నుంచి ఒకడు కళ్ళు నులుముకుంటూ ఆలస్యంగా వచ్చాడు. తాడు మీదివాళ్ళు వాణ్ణి చూసి కేకలు పెట్టారు.

"రారా రమణయ్యా, నిద్దర లేసినావా దొరా! పట్టు, ఈడ పట్టు!"

తిడుతూనే ఇద్దరు అటూ ఇటూ జరిగి చోటిచ్చారు. మా బల్ల దగ్గర కొత్తవాడు వచ్చినప్పుడు ఎవరమూ తిట్టలేదు. ఎవరమూ జరగనూ లేదు.

వల గట్టెక్కింది. కవళ్ళ చేపలు, రొయ్యలు, నడుమ నాలుగు పెద్ద వంజరాలు. వల లాగింది ఏడు ఇళ్ళవాళ్ళు. ఇంటికొక పాలు, వలకొక పాలు, మొత్తం ఎనిమిది. కామాక్షయ్య గంపలతో తోడి ఎనిమిది కుప్పలు పోయించాడు. ముసలమ్మను కుప్పలవైపు వీపు పెట్టి నిలబెట్టారు. కామాక్షయ్య ఒక కుప్ప మీద కర్ర పెట్టి "ఇదెవురిది?" అని అరిచాడు. ఆమె వెనక్కి చూడకుండానే "రమణయ్యోళ్ళది" అంది. ఇంకో కుప్ప. "ఇదెవురిది?" "వలది." ఎక్కువా తక్కువా అని ఎవరూ నోరెత్తడానికి లేదు. ఒక్కొక్క కుప్ప మోకాలెత్తు ఉంది.

"ఏం అయ్యోరా, ఇట్టా వచ్చినావు? పాలు కావాల్నా?" అన్నాడు కామాక్షయ్య. "తాడు పట్టినోళ్ళకే పాలు. బరికె పట్టినోళ్ళకు లేదు."

అందరూ నవ్వారు. నేను నీళ్ళ సంగతి ఎత్తబోతూ, పక్కకు చూశాను. ఇరవై గజాల అవతల ఒక తెప్ప ఒడ్డుకు వచ్చి ఉంది. ముగ్గురు మగవాళ్ళు. ముందు నిలబడినవాడు చిన్నపోలయ్య, పోలేరమ్మ తండ్రి; ఆమె గంపతో పక్కనే ఉంది. అక్కడ ఇసుకలో నాలుగు కుప్పలు. మనిషికొకటి, తెప్పకొకటి. కుప్ప అనడానికి నోరు రావడం లేదు. రెండు గుప్పిళ్ళ చిన్న పరిగె చేపలు.

"అదా?" అన్నాడు కామాక్షయ్య నా చూపు పట్టుకుని. "నాలుగో పాలోళ్ళు. ముందర మాతోనే లాగతా ఉండె. జాతరలో ఆ చిన్నపోలయ్య నన్ను నానా మాటలన్నాడు. వలలోంచి తీసేసినాం." గొంతు పెంచాడు. "ఏమే పోలేరీ, నిండిందా గంప? ఇంకో గంప పంపించమంటావా?"

తాడు మీదివాళ్ళు మళ్ళీ నవ్వారు. వాళ్ళలో నా మూడో తరగతి పిల్లలు అయిదుగురు ఉన్నారు. బడిలో విన్న నవ్వే అది.

పోలేరమ్మ అతనికి జవాబు చెప్పలేదు. గంపలో పరిగెలు వేసుకుని నావైపే వచ్చింది. రెండడుగుల దూరంలో ఆగి, గంప వంచి అడుగు చూపించింది.

"సూడు అయ్యోరా. బాగా సూడు. ఇప్పుడడుగు, ఏది పెద్దదో."

నేను అడగలేదు. నీళ్ళ సంగతీ ఎత్తలేదు. గుడిసెకు తిరిగి వచ్చి తలుపు వేసుకుని కూర్చున్నాను.

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నా రెండు తాటాకులూ ఒకే కొలతవి. వీళ్ళ రెండు వలలూ ఒక కొలతవి కావు. ఒకే వల అని నేను ఒక్కసారి కూడా అనలేదు. అననక్కర్లేదనుకున్నాను, ఎందుకంటే నాకు తెలిసిన లోకంలో ముద్ద ఒక్కటే. ఎవరొచ్చినా, ఎవరు పోయినా అది పెరగదు. పోతే, ఆ పిల్లను రోజూ లేపి, పెద్ద వలవాళ్ళ పిల్లల ముందు, 'నీ ఇంటి పాలు పెద్దదని ఒప్పుకో' అని కొట్టింది నేను. పేరమ్మ నా మొహంలో వెతికిన నవ్వు నా పెదాల మీద లేదు, నా ప్రశ్నలో ఉంది.

ఇంత తెలిశాక మనిషి సోమవారం పొద్దున ఏం చేయాలో ఎవరైనా చెబుతారు. ఒక్క మాట చాలు: ఒకే వల అనుకోండి. నేను ఆ మాట అనలేదు. మూడు రోజులే ఉన్నాయి, కొత్తగా చెబితే ఉన్నదీ పోతుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆ మాట అంటే పోలేరమ్మకు తెలిసిపోతుంది, నాకు తెలిసిందని.

కాబట్టి వల్లె వేయించాను. "నాలుగో పాలు పెద్దది. హారము పెరిగిన కొలది భాగము తగ్గును." ఒక్కొక్కరి చేత పన్నెండేసి సార్లు. తప్పినవాళ్ళకు బరికె. పోలేరమ్మ బుధవారం సాయంత్రానికి లొంగింది. "నాలుగో పాలు పెద్దది" అంది, నేలను చూస్తూ. అంతకుముందు ఆమెను తెలియక కొట్టాను. ఆ మూడు రోజులూ తెలిసి కొట్టాను. చేతికి రెండూ ఒకటే. అలుపు కూడా ఒకటే.

గురువారం సంజీవరావు గారు ఎద్దుబండి దిగి, పంచె మడతల్లో ఇసుక దులుపుకుంటూ వచ్చారు. కామాక్షయ్య పంపిన వంజరం వేపుడుతో భోజనం చేసి, ఆకూవక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. ఎక్కాలు అడిగారు, పద్యం చదివించారు. రెండూ సాఫీగా గడిచాయి. తర్వాత మూడో తరగతి వైపు వేలు చూపించారు. ఆ వేలు పోలేరమ్మ దగ్గర ఆగింది.

"నువ్వు లే. నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా?"

"వంతును ఇక్కడ పాలంటారండీ" అన్నాను.

"సరే, పాలు. చెప్పు."

పోలేరమ్మ నావైపు చూసింది. "నాలుగో పాలు పెద్దది."

"భేష్! ఎందుకు?"

ఎందుకో కూడా నేర్పాను. ఆమె నోరు తెరిచింది. హారము అనే మాట కోసం వెతికింది. దొరకలేదో, అక్కర్లేదనుకుందో తెలియదు.

"ఎనిమిదో పాలంటే అయ్యోరు కొడతాడు."

సంజీవరావు గారు నోట్లో తమలపాకు అడ్డుపడేలా నవ్వారు. పిల్లలూ నవ్వారు. నవ్వు ఆగాక ఆయన ముందుకు వంగారు.

"అంటే నీ మనసులో ఎనిమిదోదే పెద్దదన్నమాట."

"పెద్దదే గదా సామీ. అది పెద్ద వల పాలు గదా."

"వల ఏమిటే? నేను వల అన్నానా?" ఆయన నావైపు తిరిగారు. "చేపబుర్రలు మాష్టారూ! ఎంత చెప్పినా తిరిగి నీళ్ళలోకే. మీ కష్టం నాకు అర్థమయింది లెండి. నేను అలాగే రాస్తాను." కలం తీసి, రాస్తూ పైకి చదివారు: "'పిల్లలు మందబుద్ధులు. ఉపాధ్యాయుడు మిక్కిలి శ్రమించుచున్నాడు.' చాలా? నాయుడుపేట సంగతి నేను చూస్తాను."

ఇంక సంతకం ఒక్కటే మిగిలింది. నేను నోరు మూసుకుని నిలబడితే చాలు. ఇనుప గడియ నా చేతికి చల్లగా తగిలినంత దగ్గరగా ఉంది.

పోలేరమ్మ ఇంకా నిలబడే ఉంది. ఆమె ఇన్‌స్పెక్టరును చూడటం లేదు, నన్ను చూస్తోంది. వాళ్ళమ్మ చూసినట్టే. నేను నవ్వుతున్నానా లేదా అని. అప్పుడు తెలిసింది, నవ్వుతున్నాను. పెద్దవాడు నవ్వాడు కాబట్టి నా మొహం దానంతటది నవ్వింది. ఆ నవ్వు ఎండిన ఉప్పులా చర్మం మీద బిగుసుకుని ఉంది.

"ఆ పిల్ల చెప్పింది తప్పు కాదండీ" అన్నాను.

"ఏమిటీ?"

"ప్రశ్నే తప్పు. ఏ వలో చెప్పకుండా అడిగాం. పెద్ద వలలో ఎనిమిదో పాలు మోకాలెత్తు కుప్ప. తెప్పలో నాలుగో పాలు రెండు గుప్పిళ్ళు. వీళ్ళు రోజూ కళ్ళారా చూసేది అదే. ఒకే వల అయితేనే నాలుగోది పెద్దది. ఆ మాట నేను వీళ్ళకు చెప్పలేదు."

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

"మరి సోమవారం చెప్పలేదేం?"

ఆయన తెలివైనవాడే. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది కాని బయటికి వచ్చేది కాదు.

"అయితే ఇప్పుడు నేను అడిగిందీ తప్పేనంటావా?" 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"అవునండీ."

రాసిన రెండు వాక్యాలనూ అడ్డంగా కొట్టేశారు. కింద ఒకటే వాక్యం రాశారు. ఈసారి పైకి చదవలేదు. పుస్తకం నావైపు తోసి, బండి కట్టమన్నారు. "ఉపాధ్యాయునకే భిన్నములు రావు" అని ఉంది. దాని కింద సంతకం అందంగా ఉంది.

దీన్ని ధైర్యమనుకోవద్దు. దయ అనుకుంటే ఇంకా తప్పు. నేను సంవత్సరం పాటు వాడుకున్న 'చేపబుర్ర' అనే మాట ఇంకొకడి నోట్లోంచి, అదే గొంతుతో, అదే నవ్వుతో వచ్చింది. దాన్ని బయటినుంచి వినడం అదే మొదటిసారి. నాకు ఆయన మీద వచ్చిన అసహ్యం కొంతదూరం ఆయన దగ్గరకు వెళ్ళి, దారి తప్పి నా దగ్గరకే తిరిగి వచ్చింది. అంతే జరిగింది. బండి వెళ్ళిపోయాక నేను మొదట తలుచుకున్నది ఆ పిల్లను కాదు, మిల్లు వెనక గదిని. అది ఇంకెవరికో ఇచ్చేస్తారు.

బడి వదిలాను. నా రాతబల్ల తుడుస్తుంటే వెనక అలికిడి అయింది. పోలేరమ్మ. దగ్గరికి వచ్చి, కుడిచెయ్యి చాపి నిలబడింది.

"ఏమిటి?"

"కొట్టు."

"ఎందుకు?"

"నాయుడుపేటకు పోయేది పోయిందంట గదా. బండి తోలే గంగులయ్య పోతా సెప్పినాడు. నా వల్లనే గదా. కొట్టుకో. కొట్టినాక మళ్ళా నా జోలికి రావాకు."

అందులో జాలి లేదు. తెగతెంపులు చేసుకోవడానికి వచ్చింది. అరచేతిలో బుధవారం నాటి గీత ఇంకా ఎర్రగా ఉంది. బరికె బల్ల కిందే ఉంది. దాన్ని తీయకుండా ఉండటానికి నాకు ఏదో ఒకటి మాట్లాడవలసిన అవసరం వచ్చింది. పాఠం తప్ప నాకు వేరే మాట రాదు.

"చూడు. పెద్ద వలే అనుకుందాం. ఆ ఒక్క వలే. ఆ వల చేపలే. ఎనిమిది పాళ్ళు కాకుండా నాలుగే పాళ్ళు వేశామనుకో. అప్పుడు?"

"నాలుగంటే? మూడిండ్లోళ్ళు, వలొకటా?"

"ఆ. అప్పుడు పాలు పెద్దదవుతుందా, చిన్నదవుతుందా?"

ఆమె కనుబొమలు ముడిచి నావైపు చూసింది. రెండేళ్ళుగా నేను వాళ్ళను చూసిన చూపు అది.

"మూడిండ్లోళ్ళు లాగితే ఆ వల గట్టెక్కదు అయ్యోరా."

"ఎక్కిందనుకో."

"ఎట్టా అనుకునేది? ఎక్కదు గదా. తాడు సముద్రంలోకే ఈడ్చకపోతాది. ఇంక పాలేంది?"

అనుకో, అనుకో అని ఇంకో రెండుసార్లు అనవచ్చు. లెక్కలో అలా అనుకోవచ్చు. కాని ఆమె చాచిన చెయ్యి నాకూ బల్లకూ మధ్య ఉంది, దాని మీదుగా ఆ మాట నోటికి రాలేదు. తడి దారం గుర్తొచ్చింది. దాని ఇవతలికి జరిగిన వేలు వెడల్పు గుర్తొచ్చింది.

నా మౌనాన్ని ఆమె తెలియనితనం కింద జమకట్టింది. చెయ్యి దించింది. బల్ల కిందికి వంగి బరికె తీసుకుని, నేను పట్టుకున్నట్టే నడిమికి పట్టుకుంది.

"మూడిండ్లోళ్ళకు ఆ వల గట్టెక్కదు. ఏదీ, నువ్వు సెప్పు."

కిటికీ దడి దగ్గర తక్కిన ఆరుగురి తలలూ కనబడ్డాయి. ఎప్పటినుంచి ఉన్నారో తెలియదు.

"గట్టెక్కదు" అన్నాను.

"సరిగా సెప్పు. అంతా సెప్పు."

"మూడిళ్ళవాళ్ళకు ఆ వల గట్టెక్కదు."

దడి అవతల ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు.

"ఇంకోసారి" అంది.

చెప్పాను.